గులాబి స్టాంపు వెనక వైపు

తిరువూరు బస్టాండుకి దగ్గర్లో, ఒక సందు మొదట్లో మాకు గడియారాలు బాగుచేసే కొట్టుంది. మా నాన్న పెట్టిన కొట్టు. ఇప్పుడు గడియారం విప్పించుకునేవాళ్లు తక్కువ. బ్యాటరీ వేయించుకునేవాళ్లు, బెల్టు మార్పించుకునేవాళ్లే ఎక్కువ. నిజంగా చేతికి పని దొరికేది రోజుకి రెండు గంటలు. మిగతా సమయమంతా కంటికి భూతద్దం బిగించుకుని ఫిన్లాండ్ దేశపు పాత తపాలా స్టాంపులు చూస్తూ కూర్చుంటాను.

ఈ మాట చెబితే మా ఊళ్లో నమ్మరు. ఇక్కడ స్టాంపులంటే పొలాల రిజిస్ట్రేషన్ కాగితాలే. ఎదురు కొట్టాయన రెండేళ్లపాటు నన్ను గమనించి, చివరికి ఉండబట్టలేక లోపలికొచ్చి మెల్లగా అడిగాడు. "పాత డేటుతో స్టాంపు పేపరేమైనా దొరుకుద్దా భాయ్?" నేను ఆల్బం తెరిచి చూపిస్తే, కిరీటం కింద నిలబడ్డ సింహం బొమ్మలు పేజీ నిండా చూసి, జాలిగా నావైపు చూసి వెళ్లిపోయాడు.

ఫిన్లాండ్‌కీ, నాకూ మధ్య ఉన్నది మా సైన్సు టీచర్ గారు. హైస్కూల్లో మాకు జీవశాస్త్రం చెప్పేవారు. ఆవిడది రెడ్డిగూడెంలో మామిడి తోటలున్న కుటుంబం. పెళ్లి చేసుకోలేదు. చదువుకునే రోజుల్లో ఎవరో అడ్రసు ఇస్తే ఫిన్లాండ్‌లో తన ఈడు అమ్మాయికి ఒక ఉత్తరం రాశారట. అది నలభై ఏళ్లు దాటి సాగింది. ఇద్దరూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు. ఆ ఉత్తరాల మీద వచ్చిన స్టాంపుల్ని టీచర్ గారు కత్తిరించి, రికార్డు పుస్తకంలో బొమ్మ బాగా గీసినవాళ్లకి ఇచ్చేవారు. కప్ప గుండె గీసినందుకు నాకు మొదటిది వచ్చింది. గడియారాల దగ్గర కూర్చుని అలవాటైన చెయ్యి కదా, వణికేది కాదు. ఆ ఏడాది స్టాంపులన్నీ నాకే వచ్చాయి. పదో తరగతితో చదువు ఆపేసి కొట్లో కూర్చున్నాక కూడా టీచర్ గారు స్టాంపు వచ్చినప్పుడల్లా కవర్లో పెట్టి పంపించేవారు.

అలా మొదలై వెనక్కి వెనక్కి వెళ్లి, నూట యాభై ఏళ్లు దాటిన స్టాంపుల దగ్గర ఆగాను. అప్పటి ఫిన్లాండ్ స్టాంపుల్లో ఒక రకం ఉంది. వాటి అంచులకి మామూలు స్టాంపులకున్నట్టు చిన్న చిన్న చిల్లులుండవు. పాము పాకినట్టు వంకర్లు తిరిగే అంచు. దాని నుంచి నాలుకల్లాగా పొడుచుకొచ్చిన పళ్లు. చింపేటప్పుడే సగం పళ్లు ఊడిపోయేవి. మిగిలినవి కవర్లలో, ఆల్బముల్లో రాసుకుని ఊడేవి. ఒక్క పన్నైనా పోకుండా నిలిచింది దొరకడం చాలా అరుదు. అందుకే ఈ రకం స్టాంపుకి విలువ కట్టేవాళ్లు ముందు పళ్లు లెక్కపెడతారు. అందుకే పళ్లు కట్టే మోసగాళ్లూ ఉన్నారు. అదే కాలం నాటి కాగితం ముక్క నుంచి పన్ను కోసి, ఊడినచోట అతికించి, పైన రంగు అద్దుతారు. స్టాంపు అసలుదే, ముద్ర అసలుదే. ఒక్క పన్ను మాత్రం అబద్ధం. పూర్తి నకిలీని పట్టుకోవడం తేలిక. ఇలాంటిదే కష్టం.

ఈ పనికి కావలసిన సామానంతా గడియారాల కొట్లో ముందే ఉంది. భూతద్దం, పట్టకార్లలాంటి సన్న చిమ్టాలు, గడియారం భాగాలు కడిగే తెల్ల పెట్రోలు. స్టాంపుని బోర్లా తిప్పి ఆ పెట్రోలులో తడిపితే, అతికినచోటు, పలచబడినచోటు నల్లగా కనబడి, ఆరగానే మాయమవుతాయి. స్టాంపుకి ఏమీ కాదు. దొంగ నోట్లు చూసే నీలం లైటు ఒకటి కొన్నాను. దాని కింద కొత్త కాగితం, కొత్త బంక తెల్లగా మెరుస్తాయి. బెజవాడలో స్టాంపులు పోగేసేవాళ్లు నెలకోసారి కలుస్తుంటారు. వాళ్లలో నా సంగతి పాకింది. "ఫిన్లాండ్‌దైతే తిరువూరు పంపండి" అనడం మొదలుపెట్టారు. నేను చూసి, ఒక కాగితం మీద నా అభిప్రాయం రాసి పంపేవాణ్ణి. పదో తరగతి వరకే చదివినవాడి కాగితానికి లాయర్లూ, డాక్టర్లూ ఎదురుచూడటం నాకు బాగా తలకెక్కింది. అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పోయిన వేసవిలో ఒక ఉదయం టీచర్ గారు ఫోన్ చేశారు. "ఏరా, కొట్లోనే ఉన్నావా? వస్తున్నా" అన్నారు. రెండు బస్సులు మారి వచ్చారు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ అంత దూరం ఊరికే రారు. బల్ల ముందు స్టూలు మీద కూర్చుని, చేతిసంచీలోంచి ఒక డైరీ తీశారు. దాని మధ్యలో పలచటి కాగితం, ఆ కాగితంలో ఒక చిన్న కవరు ముక్క, దాని మీద గులాబి రంగు నలభై పెన్నీల స్టాంపు. పెన్నీ అంటే వాళ్ల పైసా.

నేను చిమ్టా తీసుకోవడం కూడా మర్చిపోయి చూశాను. ఆ స్టాంపుకి పళ్లన్నీ ఉన్నాయి.

"ఇది మీ దగ్గర ఎప్పట్నుంచి ఉందండీ?"

"ఆరేడేళ్లైంది. నా ఫిన్లాండ్ స్నేహితురాలి తాతగారి ఇంట్లో కాగితాల్లో ఉండేదట. జబ్బు చేశాక నాకు పంపింది. నీ దగ్గరుంచుకో అని రాసింది. పోయిన చలికాలంలో తను పోయింది కదా. ఇప్పుడు తన మనవరాలు మెయిల్ రాస్తోంది. మా నానమ్మ మీకు రాసిన ఉత్తరాలేమైనా ఉంటే ఫొటోలు పంపండి అని."

స్టాంపుని నావైపు జరిపి మళ్లీ అన్నారు. "ఇది నిజమైందేనా, ఎలా ఉంది, చూసి చెప్పు. నిజమైంది అయితే వాళ్లింటి వస్తువు, వాళ్లింటికే పంపించేస్తా. దొంగదైతే నా దగ్గరే ఉంటది. దొంగదాన్ని పంపి ఆ పిల్లని ఆశపెట్టడం ఎందుకు?"

నవ్వుతూనే అన్నారు. కానీ అది దొంగదైతే బాగుండునని ఆవిడ మనసులో ఉన్నట్టు నాకు అర్థమైంది.

"వారం రోజులు ఉంచండి" అన్నాను. రాగి చెంబులో మంచినీళ్లు తాగి, మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయారు.

ఆ వారం నాకు కుదురు లేదు. మే నెల ఎండ. స్టాంపు ఎగిరిపోతుందని ఫ్యాను ఆపేసి, షట్టరు సగం దించి చూసేవాణ్ణి. చెమట కారి ముక్కు మీదకొచ్చేది. బొట్టు పడుతుందేమోనని తల పక్కకి తిప్పేవాణ్ణి. కాగితం సరిగ్గా ఉంది. రంగు సరిగ్గా ఉంది. సింహం గీతలు నా దగ్గరున్న పళ్లూడిన నలభై పెన్నీలతో పోల్చి చూశాను. ఎక్కడా తేడా లేదు. గుండ్రటి తపాలా ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు ముక్క మీద పడింది. ఆ గీత ఒక కాగితం మీంచి ఇంకో కాగితం మీదకి ఎక్కడా తెగకుండా దాటింది. ఆ స్టాంపు ఆ కవరు మీదే ప్రయాణం చేసిందనడానికి అంతకన్నా సాక్ష్యం ఉండదు.

అక్కడితో ఆగి "నిజమైందే" అని చెప్పేస్తే సరిపోయేది. కానీ నీలం లైటు కింద పెట్టినప్పుడు కింద కుడి మూల దగ్గర సన్నగా ఒక తెల్లటి మెరుపు కనబడింది. ఒక పన్ను మొదట్లో. కొత్త బంక ఏదో ఉందక్కడ.

పళ్లన్నీ ఉన్న స్టాంపు. అందులో ఒక పన్ను దగ్గర బంక. నేను అన్నాళ్లూ నేర్చుకున్నదంతా ఒకటే మాట చెప్పింది. ఇది కట్టిన పన్ను. వెనక వైపు చూస్తే తేలిపోతుంది. వెనక వైపేమో కవరు ముక్కకి అంటుకుని ఉంది.

ముద్రతో కలిపి కవరు ముక్క మీద నిలిచిన పాత స్టాంపుని ఎప్పుడూ ఊడదీయకూడదు. ఇది ఈ విద్యలో మొదటి పాఠం. ఎంతోమందికి నేనే చెప్పాను. మెరుపు చూశాక నాలుగు రోజులపాటు నాకు నేనే చెప్పుకున్నాను. గడియారం విప్పి మధ్యలో వదిలేసి స్టాంపు తీసేవాణ్ణి. చూసి పెట్టేసేవాణ్ణి. బస్టాండు దాకా నడిచి, టీ తాగకుండానే వెనక్కొచ్చేవాణ్ణి. శుక్రవారం జుమ్మా నమాజులో వరసలో నిలబడి కూడా ఆ మూల మెరుపే చూశాను. ఇంట్లో మా ఆవిడ విసుక్కుంది.

"ఏమైంది మీకు? అన్నం దగ్గర కూర్చోని కూడా లేస్తారేంటి?"

"ఒక స్టాంపు తేలట్లేదు."

"తేలకపోతే తేలట్లేదని చెప్పండి టీచరమ్మకి. మిమ్మల్నేం ఉరి తీస్తారా?"

తేలలేదని చెప్పడం నా చేతకాలేదు. బెజవాడ వాళ్లంతా నన్ను అడిగేది నేను తేలుస్తానని.

శనివారం మధ్యాహ్నం కొట్టుకి ఎవరూ రాని సమయంలో, ఒక గాజు గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి, కవరు ముక్కని అందులోకి వదిలాను. నా లెక్క ఏమిటంటే, కట్టిన పన్నైతే నీళ్లలో దానంతటదే విడిపోతుంది. విడిపోతే మోసం తేలుతుంది. విడిపోకపోతే వెనక వైపు చూసి మళ్లీ ఎలా ఉందో అలా అంటించేయొచ్చు.

పాత బంక నానడానికి గంట పట్టొచ్చు, ఇంకా ఎక్కువ పట్టొచ్చు. నేను ఇరవై నిమిషాలు కూర్చున్నాను. అంచు ఒకవైపు లేచింది. లేచిన అంచు కింద వెనక వైపు తెల్లగా, శుభ్రంగా కనబడింది. ఇంకొంచెం లేస్తే ఆ మూల కనబడుతుంది. ఆగలేకపోయాను. చిమ్టాతో పట్టి లాగాను.

చప్పుడేమీ కాలేదు. అంత చిన్న కాగితం చిరిగితే ఏం చప్పుడవుతుంది? స్టాంపు నా చిమ్టాకొచ్చింది. కింద కుడి మూల పన్ను మాత్రం కవరు ముక్క మీదే ఉండిపోయింది.

భూతద్దం పెట్టి చూశాను. చిరిగినచోట కాగితం పోగులు బయటికొచ్చి ఉన్నాయి. అతికించిన పన్ను ఊడితే పోగులుండవు. నున్నగా ఊడుతుంది. ఇది స్టాంపుతో పాటు పుట్టిన పన్ను. మెరిసిన బంక ఏమిటంటే, ఎప్పుడో ఆ మూల కవరు మీంచి లేస్తే ఎవరో చుక్క బంక పెట్టి నొక్కారు. అంతే. ఆ చుక్కే చుట్టూ ఉన్నదంతా నానినా నానలేదు. నేను లాగితే పన్నుని పట్టేసుకుంది.

స్టాంపు పూర్తిగా నిజమైనదని, పళ్లన్నీ దాని సొంతమని నాకు అప్పుడు, నూటికి నూరు పాళ్లూ తెలిసింది. అది చెడిపోయాకే తెలిసింది.

షట్టరు పూర్తిగా దించేశాను. చీకట్లో కాసేపు నిలబడ్డాను. తర్వాత లైటు వేసి, ఆ పన్నుని నీళ్లలో ఇంకా నాననిచ్చి, సూది మొనతో తీసి, అద్దుడు కాగితం మీద ఆరబెట్టాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఇంటి నుంచి చిక్కటి గంజి తెప్పించాను. చిరిగిన పోగుల్ని పోగులకి కలిపి, వెంట్రుక మందాన గంజి పెట్టి పన్ను అతికించాను. తర్వాత స్టాంపుని కవరు ముక్క మీద పెట్టి, దాని మీది ముద్ర గీత కవరు మీది గీతతో కలిసేదాకా జరిపి, జరిపి, అంటించాను. ఆరాక చూస్తే నాకే కనబడలేదు. నీలం లైటు కింద కూడా మెరవలేదు, గంజి కాబట్టి.

నేను ఇన్నేళ్లూ ఎవరిని పట్టుకుందామని భూతద్దం పెట్టుకుని కూర్చున్నానో, ఆ మోసగాళ్లు చేసే పని నేను వాళ్లకన్నా బాగా చేశాను.

సోమవారం టీచర్ గారి తమ్ముడు ఏదో పని మీద తిరువూరు వస్తే, ఆయన చేతికి ఇచ్చి పంపించాను. ఆవిడకి ఫోన్‌లో చెప్పాను. "నిజమైందేనండీ."

"ఎలా ఉంది?"

"పళ్లన్నీ ఉన్నాయండి."

"అయితే పంపించెయ్యాల్సిందే" అన్నారు. ఆ గొంతులో ఉన్న నిరాశ విన్నాక నాకు ఇంకా కష్టమనిపించింది. ఆవిడ దగ్గర ఉండిపోవాలనుకున్న వస్తువు నా మాట మీద వెళ్లిపోతోంది. ఆ మాటలో సగమే నిజం.

రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి ఉత్సాహంగా ఉన్నారు. మనవరాలికి మెయిల్ రాశారట. మా ఊళ్లో నా స్టూడెంటే ఒకడు వీటిని చూసి చెప్పగలడు, వాడు చూశాడు, ఒక్క పన్ను కూడా పోలేదన్నాడు అని. "నీ గురించి నాలుగు లైన్లు రాశాన్రా. ఆ పిల్లకి భలే సంతోషమైంది. చిన్నప్పుడు వాళ్ల నానమ్మ భూతద్దం ఇచ్చి ఆ పళ్లు లెక్కపెట్టించేదట" అన్నారు.

ఫోన్ పెట్టేశాక ఒక పెద్దమనిషి గోడగడియారం తెచ్చాడు. దాన్ని విప్పి మళ్లీ బిగించలేకపోయాను. రేపు రమ్మన్నాను. మర్నాడూ రేపు రమ్మన్నాను.

శనివారం బండి తీసుకుని రెడ్డిగూడెం బయల్దేరాను. విస్సన్నపేట దాకా వెళ్లాను. అక్కడ మామిడికాయల లారీలు రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉన్నాయి. దారిచ్చేదాకా ఆగాల్సొచ్చింది. ఆ ఆగిన పది నిమిషాల్లో నాకు నేను ఎన్నో చెప్పుకున్నాను. ఆ పిల్ల ఎప్పటికీ కనిపెట్టలేదు. చెబితే ముగ్గురికీ బాధ. చెప్పకపోతే ఒక్కడికే. లారీ కదిలింది, దారి దొరికింది, నేను బండి వెనక్కి తిప్పి తిరువూరొచ్చేశాను. వచ్చాక కొట్టు తీయలేదు. ఊళ్లోనే అటూ ఇటూ తిరిగి పెట్రోలు కాల్చాను.

ఆదివారం ఉదయం ఏమీ ఆలోచించకుండా ఉండటానికి షేర్ ఆటో ఎక్కాను. ఆటో అయితే నా చేత్తో వెనక్కి తిప్పడం కుదరదు కదా. విస్సన్నపేటలో ఇంకోటి మారి రెడ్డిగూడెంలో దిగాను. టీచర్ గారు వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. పక్కన బల్ల మీద అడ్రసు రాసిన పెద్ద కవరు.

"ఏరా, చెప్పకుండా వచ్చావు? టిఫిన్ తిన్నావా?"

"ఆ కవరు అంటించేశారాండీ?"

"లేదు. రేపు పంపుదామని. ఏం?"

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. "ఆ స్టాంపు పన్ను ఒకటి నా చేతిలో చిరిగిపోయిందండి. నేనే అతికించి మీకిచ్చాను. పళ్లన్నీ ఉన్నాయని అబద్ధం చెప్పాను."

ఆవిడ కుర్చీలోంచి లేచారు. లోపలికి వెళ్లి పలచటి కాగితంలో ఉన్న స్టాంపు తెచ్చారు. నా భూతద్దం అడిగి తీసుకున్నారు. వెలుతురు వైపు తిరిగి, మాకు స్లైడు చూపించేటప్పుడు ఎలా చూసేవారో అలా చాలాసేపు చూశారు.

"ఏది?"

వెంట తెచ్చుకున్న చిమ్టాల సంచీలోంచి సూది తీసి చూపించాను.

"బాగా అతికించావు" అన్నారు. మెచ్చుకోలు కాదు అది. తర్వాత అడిగారు. "నీళ్లలో ఎందుకేశావు?"

మెరుపు సంగతి, అనుమానం సంగతి చెప్పాను. మధ్యలోనే ఆపేశారు.

"అది కాదు. నన్నడక్కుండా ఎందుకేశావు? ఫోన్ చేస్తే వద్దనేదాన్ని. వద్దంటానని నీకు తెలుసు. అందుకే అడగలేదు. అవునా?"

"అవునండి."

"దాని వీపు నువ్వు చూడాలి. అంతే. ఆ నిమిషంలో నీ లెక్కలో అది నాదీ కాదు, ఆ పిల్లదీ కాదు."

గొంతు పెంచలేదు. కొట్టినా బాగుండేదనిపించింది. ఎనిమిదో తరగతిలో కాపీ కొట్టి దొరికిన రోజు కూడా ఆవిడ ముందు నేను అంతసేపు తల దించుకుని నిలబడలేదు. లోపల ఆవిడ మరదలు కాఫీ పెడుతున్న వాసన వస్తోంది. ఆ కాఫీ వస్తే ఎలా తాగాలా అని అప్పుడు కూడా ఆలోచిస్తున్నాను.

కాసేపటికి ఆవిడే లేచి, వంటింట్లోంచి అంచున్న స్టీలు పళ్లెం, గోరువెచ్చటి నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఊడదియ్."

"టీచర్ గారూ, వద్దండి. మళ్లీ తడిపితే ఇంకేమన్నా ఊడుద్దేమో."

"ఊడిన పన్ను ఊడినట్టే వెళ్లాలి. అతికించింది నేను పంపను. ఈసారి నేను పక్కనే ఉంటా. తొందరపడకు."

గంటన్నర కూర్చున్నాం. నా చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాను. రెండుసార్లు చిమ్టా అందుకోబోయాను, రెండుసార్లూ ఆవిడ తల అడ్డంగా ఊపారు. నీళ్లు చల్లబడితే ఆవిడే మళ్లీ వెచ్చటివి పోశారు. చివరికి స్టాంపు ఎవరూ ముట్టుకోకుండా కవరు ముక్క మీంచి జారి, నీళ్లలో పక్కకి తేలింది. గంజి కరిగి పన్ను విడిపోయి పళ్లెం అడుక్కి దిగింది. నువ్వుగింజలో సగం కూడా లేదు. ఇంకే పన్నూ ఊడలేదు. ఆ రోజు దక్కిన అదృష్టం అదొక్కటే.

ఆరబెట్టాక స్టాంపుకొకటి, కవరు ముక్కకొకటి, పన్నుకొకటి, మూడు చిన్న కాగితపు పొట్లాలు కట్టారు. నాకు తెల్లకాగితం, పెన్ను ఇచ్చారు. "బెజవాడ వాళ్లకి రాస్తావుగా అభిప్రాయం. అలాగే రాయి. తెలుగులోనే రాయి, ఇంగ్లీషు నేను చేస్తా."

ఎన్నో రాసిన చెయ్యి. మొదటి లైను రాయడానికే చాలాసేపు పట్టింది. స్టాంపు నిజమైనది, ముద్ర నిజమైనది, నా దగ్గరికి వచ్చినప్పుడు పళ్లన్నీ ఉన్నాయి అని రాశాను. "నానబెట్టినప్పుడు ఒక పన్ను చిరిగింది" అని రాస్తే ఆవిడ చదివి, "చిరిగిందా?" అన్నారు. కొట్టేసి "నేను తొందరపడి లాగడం వల్ల ఒక పన్ను చిరిగింది" అని రాశాను. అతికించి దాచిన సంగతీ రాశాను. కింద సంతకం పెట్టాను. కాఫీ అప్పటికే చల్లారిపోయింది. తాగేశాను.

మర్నాడు తిరువూరు పోస్టాఫీసులో నేనే ఇచ్చాను. లోపల ఏముందని కౌంటరులో ఉన్నావిడ అడిగింది. పాత స్టాంపు అన్నాను. "పాత స్టాంపా? దానికి ఇంత ఖర్చు పెడుతున్నారా?" అని, కవరు మీద కొత్త స్టాంపులు అంటించింది.

ఆ తర్వాత వానలు మొదలయ్యేదాకా టీచర్ గారి నుంచి ఫోన్ లేదు. నేనూ చేయలేదు. చేయడానికి రోజూ ఫోన్ తీసేవాణ్ణి. జూలైలో ఆవిడే చేశారు. కవరు చేరిందట. మనవరాలు రాసిన మెయిల్ చదివి, తెలుగులో చెప్పారు. తనకి బాధగా ఉందని, వాళ్ల నానమ్మ లెక్కపెట్టించిన పళ్లలో ఆ మూలది కూడా గుర్తుందని రాసింది. చెప్పకపోతే తను కనిపెట్టేది కాదని, అయినా చెప్పినందుకు మంచిదని రాసింది. క్షమించానని రాయలేదు. కోపంగా ఉందనీ రాయలేదు. మూడు పొట్లాల్లోవీ విప్పి ఒకే అద్దం కింద పెట్టి ఫ్రేము కట్టించుకుంది. ఆ ఫొటో టీచర్ గారు నాకు పంపించారు.

ఆ ఫొటో ఫోన్‌లో పెద్దది చేసి చాలాసార్లు చూశాను. స్టాంపు ఒక పక్క, కవరు ముక్క ఒక పక్క. గుండ్రటి ముద్ర రెండు ముక్కలై, మధ్యలో తెల్లటి ఖాళీ. పన్ను అయితే ఎంత పెద్దది చేసినా చుక్కలాగే ఉంది.

టీచర్ గారు నాతో మాట్లాడతారు. అడిగినదానికి జవాబు చెబుతారు, మా ఆవిడని అడుగుతారు. ఉత్తరాలు ఇంక రావు కాబట్టి స్టాంపులు పంపే పని లేదు. మునుపటిలా "వస్తున్నా" అని మాత్రం ఫోన్ రాలేదు. రెడ్డిగూడెం నేనే వెళ్లాలి. వెళ్తున్నాను, ఎక్కువసేపు కూర్చోలేను.

బెజవాడ నుంచి స్టాంపులు ఇంకా వస్తున్నాయి. ఈ మధ్య ఒక డాక్టరు గారు ముద్రతో, కవరు ముక్కతో ఉన్న నీలం ఇరవై పెన్నీల స్టాంపు పంపారు. రెండు పళ్లు తక్కువ, మిగతావి గట్టిగా ఉన్నాయి. ఒక పన్ను రంగు మాత్రం పక్కవాటికన్నా కొంచెం వేరుగా ఉన్నట్టుంది. ఉందో, నా కళ్లకే అలా ఉందో. మూడు రోజులు చూసి, "వెనక వైపు చూడలేదు. అందువల్ల ఎడమ పక్క మూడో పన్ను గురించి చెప్పలేను" అని రాసి పంపించాను. ఆయన ఫోన్ చేసి, "ఏంటండీ, చూడమనే కదా మీకు పంపింది? ఊడదీసి చూడండి, నేనే చెబుతున్నాగా" అన్నారు.

"నేను చూడనండి" అన్నాను.

ఆయన ఇంకెవరికో పంపుతానన్నారు. పంపే ఉంటారు. ఆ మూడో పన్ను నిజమైందో కాదో నాకు తెలియదు. చేతిలో ఏ గడియారం ఉన్నా మధ్యలో అది గుర్తొస్తుంది. లేచి బస్టాండు దాకా నడిచి వస్తాను.